బోసి నుదురు

పరాయి దేశపు పిల్ల మన ఊళ్లో కుదురుకుందో లేదో చెప్పడానికి ప్రొఫెసర్లు పనికిరారు. వాళ్లు హాజరుపట్టీ చూసి అంతా బాగానే ఉందనుకుంటారు. ఆ సంగతి కనకలక్ష్మిని అడగాలి. గచ్చిబౌలి దాటాక ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో, విదేశీ విద్యార్థినుల హాస్టల్లో ఆమె పదకొండేళ్లుగా ఆయా. ఒక్క సెమిస్టరు చదువుకని ఏటా రెండు విడతలుగా దిగే ఆడపిల్లల్ని చూసీ చూసీ ఆమె ఒక అంచనాకు వచ్చింది. మొదటి రోజు పడుకుంటారు. రెండో రోజు కొబ్బరిబోండాల బండికీ, రోడ్డుకు అడ్డంగా పడుకున్న బర్రెకూ, చిక్కుపడ్డ కరెంటు తీగలకూ ఫొటోలు తీస్తారు. మూడో రోజు ఏడుస్తారు. బాత్‌రూంలో దూరి, బయటికి వినబడకూడదని నల్లా తిప్పి మరీ ఏడుస్తారు.

ఆ మూడో రోజుకు కనకలక్ష్మి దగ్గర మందుంది. మెత్తగా పిసికిన పెరుగన్నం, ఒక అరటిపండు. తలుపు కొట్టదు. "ఈట్. దెన్ క్రై" అని గుమ్మం బయట పెట్టి తన దారిన పోతుంది. ఆమె ఇంగ్లీషుకు వ్యాకరణం లేదు గానీ లోటు మాత్రం లేదు. గీజరు స్విచ్చి బాత్‌రూం బయట ఉంటుందనీ, మగ్గుతో పోసుకున్నా దాన్ని స్నానమే అంటారనీ, నల్లా నీళ్లు తాగితే మర్నాడు దవాఖానలో తేలతారనీ ఆ ఇంగ్లీషుతోనే చెప్పి ఎన్ని దేశాల పిల్లల్నో ఒడ్డున పడేసింది. "కడుపు, నిద్ర, ఏడుపు. గీ మూడు కుదిరినయంటే దేశం కుదిరినట్టే" అంటుంది. ఆ మాట ఏ పుస్తకంలోనూ ఉండదు గానీ పదకొండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

ఆమెది ఖాజాగూడ. చుట్టూ అద్దాల మేడలు లేచాయి గానీ, చెరువు వెనక బండరాళ్ల పక్కన ఆమె రెండు గదుల ఇల్లు ఉన్నది ఉన్నట్టే ఉంది. భర్త ఎల్లేశం నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. తొమ్మిదేళ్ల కిందట పుప్పాలగూడలో ఒక అపార్ట్‌మెంటు సంపులో పైపు వేసి, అది నిండేదాకా ఓ కునుకు తీద్దామని స్టీరింగు మీద తల వాల్చాడు. ఆ తల మళ్లీ లేవలేదు. సంపు పొంగి నీళ్లు రోడ్డెక్కితే వాచ్‌మన్ తిట్టుకుంటూ వెళ్లి చూశాడు. పదకొండో రోజున వాడకట్టు ఆడవాళ్లు కనకలక్ష్మి గాజులు తీశారు, నుదుట బొట్టు తుడిచారు.

ఆనాటి నుంచి ఆమె కుంకుమ భరిణె ముట్టలేదు. ముట్టావంటే చూడు అని బెదిరించినవాళ్లూ ఎవరూ లేరు. "ఈ కాలంలో ఎవరు పట్టించుకుంటారమ్మా, ఓ స్టిక్కరు పెట్టుకో" అని వార్డెనే చెప్పింది. కనకలక్ష్మి నవ్వేసి ఊరుకుంది. అంతటితో ఆగినా బాగుండేది. ఎవరైనా మంచి పని మీద బయల్దేరితే పక్కకు తప్పుకునేది. సెమిస్టరు ముగిసి పిల్లలు తమ దేశం వెళ్లిపోయేటప్పుడు, ఆయమ్మను ఒకసారి కావలించుకుని పోదామని వెతికితే, ఆమె స్టోరు గదిలో తలుపేసుకుని దుప్పట్లు మడతపెడుతూ ఉండేది. తనకు తానే వేసుకున్న ఈ శిక్షను తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అయినా నమ్మకాలు ఒకరు చెబితే పోయేవి కావు.

ఆమెకు ఒక్కతే కూతురు, ప్రశాంతి. తండ్రి పోయేనాటికి పన్నెండేళ్ల పిల్ల. ఇప్పుడు తల్లి పనిచేసే చోటే ఎం.ఎస్సీ. రెండో సంవత్సరం. నదులూ చెరువులూ ఎట్లా పాడవుతాయో, వాటిని మళ్లీ ఎట్లా బాగుచేయవచ్చో చదివే చదువు. మొదటి సంవత్సరం మార్చిలో ఆ పిల్లకు పోలండ్‌లో ఒక సెమిస్టరు చదివే అవకాశం వచ్చింది. వాళ్ల విభాగానికి ఏటా ఒక్కటే సీటు. ఖర్చంతా అక్కడివాళ్లదే. మన పిల్ల ఒకరు అక్టోబరులో అటు వెళితే వాళ్ల పిల్ల ఒకరు జనవరిలో ఇటు వస్తుంది. ఒక విద్యార్థికి ఒక్కసారే ఇస్తారు, మళ్లీ అడగడానికి లేదు. ఎంపికైన వాళ్ల పేరు నోటీసు బోర్డు మీద చూసిన రోజు కనకలక్ష్మి మెస్‌లో ప్లేట్లు కడిగే ఆమె దగ్గర్నుంచి గేటు కాపలా ఆయన దాకా అందరికీ చెప్పింది. ఊళ్లోవాళ్ల పిల్లల్ని కుదురుకునేట్టు చేసిన మనిషికి తన కన్నబిడ్డ వంతు వచ్చింది మరి.

ఆ వేసవంతా ఇంట్లో పాఠాలే పాఠాలు. "మూడో దినం ఏడుపొస్తది బిడ్డా. వస్తే ఆపుకోకు. కాని నల్లా తిప్పకు, నీళ్లు దండగ."

"అమ్మా, నువ్వు విమానం ఎక్కకుంటనే ఎక్స్‌చేంజ్ స్టూడెంటువైనవ్" అని ప్రశాంతి పడీ పడీ నవ్వేది.

"నవ్వు నవ్వు. గక్కడ పెరుగన్నం పిసికి పెట్టేటోళ్లు ఎవలున్నరు? నువ్వే పిసుక్కోవాలె."

వీసా ఫొటో తీయించడానికి తల్లీ కూతుళ్లిద్దరూ వెళ్లారు. స్టూడియో ఆయన తెల్లటి తెర ముందు స్టూలు మీద ప్రశాంతిని కూర్చోబెట్టి, "బొట్టు తీసెయ్ అమ్మా. చెవులు కనపడాలె, నవ్వొద్దు. బొట్టుంటే ఒక్కోసారి వాపస్ కొడుతున్నరు" అన్నాడు. ప్రశాంతి స్టిక్కరు తీసి అద్దానికి అంటించి నిటారుగా కూర్చుంది. వాపస్ కొడతారో లేదో దేవుడికెరుక, ఆయన మాత్రం కొడతారనే నమ్మాడు. పక్కన నిలబడ్డ కనకలక్ష్మి అద్దం మీది స్టిక్కరునూ, కూతురి నుదుటినీ మార్చి మార్చి చూసింది. తన నుదురు బోసిపోయి తొమ్మిదేళ్లు. పెళ్లి కావలసిన పిల్ల నుదురు అట్లా చూడాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా మాట్లాడలేదు. ఫొటో బాగా రాలేదని అమ్మ అలిగిందనుకుంది కూతురు.

సెప్టెంబరు మూడో వారంలో వీసా వచ్చింది. పాస్‌పోర్టులో ఒక పేజీ నిండా అంటించిన కాగితం, దాని మీద అచ్చువేసిన అదే ఫొటో. ప్రశాంతి ఆ పాస్‌పోర్టును ప్లాస్టిక్ ఫైలులో పెట్టి దేవుడి పటాల ముందు ఉంచింది.

బయల్దేరే రోజు విమానం రాత్రికి గానీ మూడింటికల్లా ఇంట్లోంచి కదలాలనుకున్నారు. పొద్దున్నే ప్రశాంతి తలస్నానానికి వెళ్లింది. కనకలక్ష్మి పటాల ముందు ఊడ్చి, ఫైలు తీసి, కళ్లారా ఒకసారి చూద్దామని ఆ పేజీ విప్పింది. మళ్లీ అదే బోసి నుదురు. ఇంత దూరం, ఇన్ని నెలలు, ఆ మొహంతోనా పోవడం? మధ్యాహ్నం ఆడబిడ్డ సరోజమ్మ వచ్చి పిల్లకు బొట్టు పెట్టి పంపుతుందని ముందే అనుకున్నారు. సరోజమ్మ ముత్తైదువ. కన్నతల్లి అయితేనేం, తన చెయ్యి ఆ పనికి తగదని కనకలక్ష్మి లెక్క. కానీ ఫొటోకేం? ఫొటో మనిషి కాదు కదా, దానికి తన చెయ్యి తగిలితే దోషం ఉండదు కదా అని ఆమె తనకు తానే నచ్చచెప్పుకుంది. తొమ్మిదేళ్ల తర్వాత కుంకుమ భరిణె మూత తీసింది. చిటికెడు కుంకుమలో ఒక్క బొట్టు నీళ్లు వేసి రంగరించి, అగ్గిపుల్ల వెనక కొసతో, ఫొటోలోని బిడ్డ నుదుట ఆవగింజంత చుక్క పెట్టింది. ఎంత బాగుందనుకున్నారు! అప్పటిదాకా ఎవరో పిల్లలాగా ఉన్నది కాస్తా తన ప్రశాంతి అయింది. బాత్‌రూం తలుపు గొళ్లెం చప్పుడు కాగానే ఉఫ్ అని ఒకసారి ఊది, పేజీ మూసి, ఫైలు ఎక్కడిదక్కడ పెట్టేసింది. భరిణె మూతా, అగ్గిపుల్లా మాత్రం మరిచిపోయింది.

మధ్యాహ్నం సరోజమ్మ కుంకుమ పళ్లెం చేత్తో పట్టుకుని వంటింటి కేసి చూసింది. "వదినె, నువ్వే పెట్టు. కన్నతల్లివి నువ్వుండంగ నేనేంది?"

"వద్దు సరోజా, నువ్వే పెట్టు. మంచిగ పోయొస్తది" అని కనకలక్ష్మి తెర వెనకనుంచే అంది. ప్రశాంతి అత్త చేత బొట్టు పెట్టించుకుని, నేరుగా వంటింట్లోకి వచ్చి తల్లి కాళ్లకు దండం పెట్టింది. కనకలక్ష్మి కూతురి తల నిమరలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

శంషాబాద్ విమానాశ్రయంలో టికెట్టున్నవాళ్లనే లోపలికి పోనిస్తారు. గేటు దగ్గర ప్రశాంతి ఇద్దరికీ చెయ్యి ఊపి లోపలికి వెళ్లింది. కనకలక్ష్మి, సరోజమ్మ బయట అద్దాల గోడ దగ్గర నిలబడ్డారు. సరోజమ్మ వెళ్లి టీ తెచ్చింది. ఆ టీ చల్లారింది. ఇంకో గంట గడిచింది. అప్పుడు అద్దాల అవతల, వెళ్లేవాళ్లందరికీ ఎదురుగా ట్రాలీ తోసుకుంటూ ఒకే ఒక్క మనిషి వెనక్కి రావడం కనిపించింది. అది ప్రశాంతి. కనకలక్ష్మికి ముందు కలిగింది సంతోషం. బిడ్డ వచ్చేస్తోందన్న సంతోషం. ఏమైందోనన్న భయం దాని వెనక వచ్చింది. ముందు కలిగిన ఆ సంతోషానికి ఆమె తనను తాను ఈరోజుకీ క్షమించుకోలేదు.

జరిగింది ఇది. కౌంటర్లో ఉన్న అమ్మాయి పాస్‌పోర్టు విప్పేసరికి, ఆరకముందే మూసిన పేజీలో కుంకుమ పాకి, ఫొటోలో నుదుటి నుంచి ముక్కుదాకా ఎర్రగా అలుక్కుపోయి ఉంది. ఇదేమిటని ఆ అమ్మాయి అడిగింది. ప్రశాంతి కంగారుపడి సంచిలోంచి సానిటైజరు తీసి, టిష్యూ కాగితం మీద పోసి గబగబా రుద్దింది. "అయ్యో, తుడవకండీ" అని ఆ అమ్మాయి కేక వేసేటప్పటికే ఎరుపుతోపాటు అచ్చు కూడా లేచివచ్చింది. మొహం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ మిగిలింది. పైవాళ్లు వచ్చారు, ఎవరెవరికో ఫోన్లు చేశారు, నలభై నిమిషాలు నిలబెట్టారు. చివరికి, మొహం లేని వీసాతో ఎక్కించలేమనీ, ఎక్కించినా అక్కడ దిగనివ్వకుండా వెనక్కి పంపేస్తారనీ చెప్పి, పెట్టె తిరిగి ఇచ్చేశారు.

ప్రశాంతి ఆ పేజీ విప్పి తల్లికి చూపించింది. "ఎర్రగ ఏమో అంటింది అమ్మా, యాడికెల్లి వచ్చిందో..." అంటూ తలెత్తింది. తల్లి మొహం చూసింది. ఇక ఆ పిల్లకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. పొద్దున పటాల ముందు తడి అగ్గిపుల్ల పడి ఉండటం, తెరిచి ఉన్న భరిణె, వంటింటి తెర అన్నీ ఆ పిల్ల మనసులో ఒకదాని పక్కన ఒకటి చేరి ఉంటాయి. పాస్‌పోర్టు మూసేసింది. "ఏమైంది బిడ్డా, ఏమైంది?" అని సరోజమ్మ భుజం పట్టి ఊపుతుంటే, "సానిటైజరు ఒలికింది అత్తా. నా బ్యాగులనే. నేనే చూసుకోలే" అంది.

అర నిమిషం పట్టిందేమో ఆ అబద్ధం పుట్టడానికి. ఆ అర నిమిషంలో కనకలక్ష్మి నోరు తెరిచి ఉండవలసింది. తెరవలేదు. సిగ్గు వల్లనో, భయం వల్లనో ఆమెకే తెలియదు. కారులో ముగ్గురూ వెనక్కి వచ్చారు. దారిలో సరోజమ్మ ఒక్కతే ఏడ్చింది.

మర్నాడు తల్లీ కూతుళ్లు విశ్వవిద్యాలయంలోని విదేశీ వ్యవహారాల విభాగంలో కామేశ్వరరావు గారి ముందు నిలబడ్డారు. ఆయన చెడ్డవాడు కాదు. నాలుగు రోజులు ఫోన్లు పట్టుకుని కూర్చున్నాడు, అక్కడివాళ్లకు ఉత్తరాలు రాశాడు. పాడైన పాస్‌పోర్టు మార్చుకోవాలి, ఆపైన మళ్లీ వీసాకు వెళ్లాలి. ముందుగా దొరికే తేదీ నవంబరు చివర. అక్టోబరు పదిలోగా చేరకపోతే సీటు పోతుంది. పోయింది. పోయాక ఆయనకు కోపం వచ్చింది. "పాస్‌పోర్టు పక్కన సానిటైజరు బాటిలు ఎవరైనా పెడతారా అమ్మాయ్? ఆ సీటు కోసం నీ వెనక ఎంతమంది నిలబడ్డారో తెలుసా?" అన్నాడు. ప్రశాంతి తల వంచుకుని నిలబడింది. కనకలక్ష్మి నోరు విప్పబోతే, కూతురు బల్ల చాటున ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది. ఫైలులో "విద్యార్థిని అజాగ్రత్త" అని ఆయన రాస్తుంటే ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

ఎనిమిది రోజులు ఓర్చుకుంది కనకలక్ష్మి. తొమ్మిదో రోజు కూతురు క్లాసులో ఉండగా ఆయన గదికి ఒక్కతే వెళ్లింది. "సార్, సానిటైజరు తర్వాత సంగతి. ముందుగాల నేను బొట్టు పెట్టిన" అంది. ఆయనకు అర్థం కాలేదు. ఆమె మొదటి నుంచి చెప్పింది. ఫొటో స్టూడియో, అగ్గిపుల్ల, తన నుదురు, అన్నీ. 

"ఆ రోజే చెప్పి ఉండాల్సిందండీ" అన్నాడు ఆయన అంతా విన్నాక.

"చెప్తే బిడ్డను పంపేటోళ్లా సార్?" ఆ మాట అడుగుతున్నప్పుడు ఆమె గొంతులో ఇంకా కాస్త ఆశ ఉంది.

"లేదండీ. అబద్ధం ఎందుకు, ఎట్లా చెప్పినా ఆ వీసా పనికిరాదు." ఫైలు దగ్గరికి లాక్కున్నాడు. "అజాగ్రత్త అని రాశాను. ఆ మాట కొట్టేస్తాను. అంతకుమించి నా చేతుల్లో ఏమీ లేదండీ కనకలక్ష్మి గారూ."

ఆ ఒక్క గీతకు ఆమె రెండు చేతులూ జోడించి బయటికి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఆ పాటి చల్లదనమే దక్కుతుంది.

ఇంట్లో ప్రశాంతి తిట్టలేదు, అలగలేదు, తిండి మానలేదు. విమానం తప్పిన మూడో రోజే క్లాసుకు వెళ్లింది. కనకలక్ష్మికి అదే భరించరాకుండా ఉంది. అయిదు నెలలకని ప్యాకెట్లు కట్టిన నువ్వుల పొడి, కరివేపాకు కారం, పుంటికూర తొక్కు ఒక్కొక్కటీ విప్పుకుని అక్టోబరంతా ఆ ఇంట్లోనే తిన్నారు. పోలండ్ చలికని తెచ్చిన కోటు గోడకు మేకు మీద వేలాడింది. ఖాజాగూడలో చెమటలు కారుతుంటే ఆ కోటు వైపు ఎవరూ చూసేవారు కాదు.

ఒక ఆదివారం అన్నం తింటూ కనకలక్ష్మి ఉండబట్టలేకపోయింది. "నా చెయ్యి మంచిది కాదు బిడ్డా. మీ నాయన పోయిననాడే ఈ చెయ్యి పాడైంది. ముండమోసినదాన్ని, పెట్టొద్దని తెల్సి తెల్సి పెట్టిన. అందుకే గిట్లయింది."

ప్రశాంతి ముద్ద కంచంలో వదిలేసింది. "ఏంది? చెయ్యేంది, చెయ్యి? నీళ్లు తగిలినయి! తడి ఆరకముందే పేజీ మూసినవ్, నేను సానిటైజరేసి రుద్దిన, ఇంకు లేసొచ్చింది. గంతే! అత్త పెట్టినా లేస్తది. ఊళ్లె ముత్తైదువలందరు లైను కట్టి పెట్టినా లేస్తది. ఈ చెయ్యి పట్టుకొనే నేను గింతదాన్నైన. ఇంకోసారి నీ చెయ్యిని గట్ల అన్నవంటే నేనీ ఇంట్ల అన్నం తినను, చెప్తున్న!"

అరిచి, రొప్పుతూ, మళ్లీ కంచంలో చెయ్యి పెట్టింది. కనకలక్ష్మి కళ్లు తుడుచుకుని తినసాగింది. బిడ్డ తన చెయ్యి వైపు నిలబడింది, నిజమే. కానీ అంత అరిచినా తన సీటు సంగతి ఒక్క మాట అనలేదు. ఆ సంగతి కనకలక్ష్మికి రాత్రి గిన్నెలు తోముతున్నప్పుడు తట్టింది.

జనవరిలో హాస్టలుకు కొత్త విడత పిల్లలు దిగారు. వాళ్లలో పోలండ్ పిల్ల ఒకతె, అగాత. ప్రశాంతి వెళ్లవలసిన విశ్వవిద్యాలయం నుంచే వచ్చింది. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ తోడుగా ఇక్కడి విద్యార్థిని ఒకరిని పెడతారు. కామేశ్వరరావు గారు చాలా తటపటాయించి ప్రశాంతిని అడిగాడట, ఆ పిల్ల సరేనందట. ఈ సంగతి కనకలక్ష్మికి కూతురు చెప్పలేదు. వార్డెను చెప్పింది.

అగాత వచ్చిన మర్నాడు మధ్యాహ్నం, ఉతికిన దిండు గలీబులు పట్టుకుని కనకలక్ష్మి ఆ గదికి వెళ్లింది. తలుపు ఓరగా తీసి ఉంది. ఇద్దరమ్మాయిలూ మంచం మీద పక్కపక్కన కూర్చుని ఫోన్ చూస్తున్నారు. మాటలన్నీ ఇంగ్లీషులోనే. పదకొండేళ్ల కొలువులో కనకలక్ష్మికి ఆ మాత్రం ఇంగ్లీషు ఎప్పుడో వచ్చేసింది.

"ఇది మా ఊరి వంతెన" అంటోంది అగాత.

"పాత వంతెన కదా" అంది ప్రశాంతి. "దిగి ఎడమకు తిరిగితే రొట్టెల దుకాణం. దాని పక్క సందులోంచి పోతే లైబ్రరీ దగ్గర. ట్రామ్ ఎక్కితే చుట్టు తిరగాలి."

అగాత ఫోన్ పక్కన పెట్టేసింది. "ఆ సందు మా ఊళ్లోవాళ్లకే సరిగ్గా తెలియదు. నువ్వెప్పుడు వచ్చావు మా ఊరికి? ఎన్నాళ్లున్నావు?"

"రాలేదు. మ్యాపులో నడిచాను. రోజూ పొద్దున బస్సులో కూర్చుని నడిచేదాన్ని."

"ఎప్పుడు?"

"ఇప్పటికీ" అంది ప్రశాంతి. "హాస్టలు నుంచి ల్యాబుకు పదకొండు నిమిషాలు పడుతుంది. నాకు మూడో అంతస్తులో గది ఇచ్చారు, నది వైపు. ఆ కిటికీలోంచి నది కనిపిస్తుందా? అదొక్కటే మ్యాపులో తెలియదు" అని అడిగింది.

"కనిపిస్తుంది. అయితే చలికాలంలోనే. ఎండాకాలం చెట్లు అడ్డమొస్తాయి, ఇప్పుడు ఆకులు రాలిపోతాయి కదా."

"అంటే ఇప్పుడు కనిపిస్తుంటుంది."

"ఇప్పుడే బాగా కనిపిస్తుంది. మరి ఎందుకు రాలేదు నువ్వు?"

"వీసా మీద సానిటైజరు పడింది" అంది ప్రశాంతి మామూలుగా. "నా అజాగ్రత్తే."

గుమ్మంలో ఉన్న కనకలక్ష్మికి అంతా వినబడింది. సీటు పోయిందంటే ఒక చదువు పోయిందనుకుంది ఆమె, అయిదు నెలలు పోయాయనుకుంది. ఒక ఊరు పోయిందని ఇప్పుడు తెలిసింది. తన బిడ్డ ఆ ఊళ్లో సందు సందూ తిరిగి, దుకాణం దుకాణం గుర్తుపెట్టుకుని, వెళ్లకముందే అక్కడ కుదురుకుంది. సీటు పోయాక కూడా రోజూ పొద్దున్నే బస్సులో కూర్చుని అక్కడికి వెళ్లివస్తోంది. ఎదురుగా తల్లి ఉన్న ఇంట్లో ఆ మాట అనడానికి లేక, ముక్కూ మొహం తెలియని పిల్లను అడుగుతోంది, నది కనిపిస్తుందా అని.

"కాదు" అంటూ కనకలక్ష్మి లోపలికి వచ్చింది. తెలుగే వచ్చింది నోట. "నీ అజాగ్రత్త కాదు. నేనే చేసిన బిడ్డా. ఎన్నాళ్లు నీ నెత్తిన ఏసుకుంటవ్? ఇగ నాతోని కాదు. నన్ను ఒక్కసారన్న తిట్టు."

ప్రశాంతి లేచి నిలబడింది. ఎప్పటిలాగే ఏదో సర్ది చెప్పబోయింది. ఈసారి చేతకాలేదు. ఇన్నాళ్లూ ఆపుకున్నది మొహంలోకి ఎక్కివచ్చింది.

"అవునమ్మా" అంది. "నువ్వే చేసినవ్. నువ్వే చేసినవమ్మా. నాకు పోవాలని మస్తుండె. మస్తుండెనే అమ్మా."

అంతే అనగలిగింది. మంచం మీద కూలబడి, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. తిట్టమని తల్లే అడిగింది గానీ, ఆ మాట విన్నాక కనకలక్ష్మికి తిట్టు ఎంత తేలికో అర్థమైంది. తిట్టయితే పడి ఊరుకునేది. దీన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు.

అగాతకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా మంచి పిల్ల. మెల్లగా లేచి, తలుపు దగ్గరగా వేసి వరండాలోకి వెళ్లిపోయింది. కనకలక్ష్మి గలీబులు బల్ల మీద పెట్టి, కూతురి పక్కన మంచం మీద కూర్చుంది. ఊరుకో అనలేదు. ఊరుకోమనే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు.